స్థూలకాయమునకు శస్త్రచికిత్స: దాని తీరు, దాని వ్యయము



పట్టణములనుండి వచ్చు దినపత్రికలతోపాటు ఇటీవల ఒక తీరు ప్రకటన కాగితములు మా జైనూరు వఱకును చేరుచున్నవి. ఒక ప్రక్క బొద్దుగా నుండు స్త్రీ బొమ్మ. మఱియొక ప్రక్క ఆమెయే సన్నబడి నవ్వుచున్న బొమ్మ. కడుపు పెద్దగా కోయ నక్కఱలేదనియు, మూడు దినములలో ఇల్లు చేరవచ్చుననియు, సొమ్ము నెలవారీ వాయిదాలలో నిచ్చుకొనవచ్చుననియు క్రింద వ్రాసియుండును. బడిపంతులుగారి యింట పత్రికలు చదువుదురు గనుక ఈ సంగతులన్నియు మాకు తెలిసియుండునని నమ్మి, ఆ కాగితమును మడిచి కొంగున దాచుకొని వచ్చి, “అక్కా, ఇది నిజమేనా? ఎంతయితది?” అని యడిగిన ఇల్లాండ్రు ఈ యేట ముగ్గురు. వారిలో నొకామె పుస్తెలతాడు ఎన్ని తులములో, పత్తిచేనుపై షావుకారు ఎంత యిచ్చునో లెక్క కట్టుకొనియే వచ్చినది. ఆమె తెలిసికొనవలసిన దానిని వైద్యులవలన విని, గ్రంథములతో సరిచూచుకొని ఇచట వ్రాయుచున్నాము. ఆమెవంటివారు మీలోను ఉందురు.

మొదట ఒక మాట. లావుగా నుండుట తిండిపోతుతనమని ఇంటనేమి, వీధినేమి అందఱును అనుకొనుచుందురు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము లోకులచే నిందింపబడు ఎనిమిది విధములవారిని గూర్చినది. వారిలో మిక్కిలి లావైనవారిని, మిక్కిలి చిక్కినవారిని గూర్చియే ఆచార్యుడు విరివిగా చెప్పెను. లావగుటకు కారణములు చెప్పుచు అతిభోజనము, పగటినిద్ర, వ్యాయామము లేకుండుట అనువానితోపాటు బీజస్వభావమును, అనగా తల్లిదండ్రులనుండి వచ్చిన గుణమును గూడ ఆయన చేర్చెను. ఆ పట్టికలో నిత్యసంతోషము, చింతలేమి కూడ కలవు. మా యెఱుకలోని లావుపాటి ఇల్లాండ్రలో చింతలేనివారిని మాత్రము మేమెఱుగము.

నేటి వైద్యులు చెప్పునదియు దీనికి దూరము కాదు. పస్తులుండి పది కిలోలు తగ్గించుకొన్న దేహము ఊరకుండదు. ఆకలిని హెచ్చించి, వ్యయమగు శక్తిని తగ్గించి, పోయిన బరువును తిరిగి రాబట్టుకొన జూచును. అందుచేతనే మిక్కిలి లావైనవారిలో పలువురు తగ్గినను నిలుపుకొనలేకున్నారు. శస్త్రచికిత్స పనిచేయుటకు గల కారణమును ఇందే యున్నది. అది పొట్టను చిన్నది చేయుటయే కాక, పొట్టనుండియు ప్రేగులనుండియు పుట్టి మెదడునకు ఆకలిని తెలుపు రసాయనములను గూడ మార్చివేయును.

చికిత్స చేయు తీరులు పెక్కు గలవు. మన దేశమున ఎక్కువగా జరుగునవి రెండు. మొదటిది స్లీవ్ గాస్ట్రెక్టమీ. పొట్టలో నూటికి 75 మొదలు 80 పాళ్లు కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా చేసి లోహపు కుట్లతో మూసివేయుదురు. తీసిన భాగము మరల రాదు. రెండవది బైపాస్. దీనిలో పొట్ట పైభాగమున కోడిగ్రుడ్డుకన్న చిన్నదగు సంచి నొకదానిని వేఱుచేసి, దానిని చిన్నప్రేగుతో కొంత దిగువన అతుకుదురు. తిన్న అన్నము మిగిలిన పొట్టను, ప్రేగు మొదటి భాగమును తాకక ప్రక్కదారిని పోవును. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు 1966లో దీనిని ఆరంభించెను. నాడు కడుపు నిలువున కోసెడివారు. నేడు నాలుగైదు చిన్న రంధ్రములు చేసి, గొట్టపు కెమెరాతో లోన చూచుచు చేయుదురు. రంధ్రములు చిన్నవైనంతమాత్రమున లోపలి పని చిన్నది కాదు.

కొవ్వును గొట్టముతో పీల్చివేయు లైపోసక్షన్ అనునది వేఱు. అది పొట్టను గాని ప్రేగును గాని ముట్టదు. చర్మము క్రింది కొవ్వును మాత్రమే తీయును. మధుమేహమునకు మందు కాదు. తెలుగు చలనచిత్రములలో పేరుపొందిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6వ తేదీన అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారముల ముందు ఆమె ఇట్లు కొవ్వు తీయించుకొనెనని పత్రికలు వ్రాసినవి. నాటినుండి మన ఇండ్లలో ఈ రెండు చికిత్సలను కలగలిపి మాటలాడుచున్నారు. ప్రకటన కాగితము తెచ్చిన ఆమెయు మొదట ఆర్తీ అగర్వాల్ పేరే ఎత్తినది.

ఇక ఎవరికి చేయుదురు? కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుచేతనే హెచ్చించగా వచ్చిన సంఖ్యచే భాగించవలెను. వచ్చినదానిని బీఎంఐ అందురు. ఐదడుగుల స్త్రీ ఎత్తు సుమారు 1.52 మీటర్లు, దానిని దానిచేతనే హెచ్చించిన 2.31. ఆమె 88 కిలోలున్నచో బీఎంఐ 38. మన దేశస్థులకు 23 దాటిన అధికభారము, 25 దాటిన స్థూలకాయము అని వైద్యులు లెక్కింతురు. ఏలయన మనవారికి తక్కువ బరువులోనే కడుపు చుట్టును కొవ్వు చేరి మధుమేహము వచ్చుచున్నది. స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటుట కూడ ప్రమాదసూచనయే. అయినను 25 దాటిన వారందఱికిని కత్తి పట్టరు. 35 దాటినవారికి ఇతరవ్యాధి లేకున్నను చేయవచ్చుననియు, 30 దాటి మధుమేహమువంటి వ్యాధి యున్నచో ఆలోచింపవచ్చుననియు, ఆసియావాసులకు 27.5 మొదలుకొనియే పరిశీలింపవచ్చుననియు ఈ శస్త్రవైద్యుల అంతర్జాతీయ సంఘములు 2022లో నిర్ణయించినవి. దానికి ముందు థైరాయిడు మొదలగు ఇతరకారణములు లేవని చూచుకొనవలెను.

ఇచటనే ఇల్లాండ్రు మోసపోవుచున్నారు. వైద్యులు ‘చేయవచ్చు’ ననునది వేఱు, భీమా సంస్థ ‘చెల్లింతు’ ననునది వేఱు. భీమా నియంత్రణ సంస్థ 2019లో చేసిన నిబంధన ప్రకారము, 18 ఏండ్లు నిండి, బీఎంఐ 40 అంతకు మించి యున్నవారికి గాని, 35 అంతకు మించి యుండి గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోవు తీవ్రవ్యాధి, మందులకు లొంగని మధుమేహము వంటివి తోడైనవారికి గాని మాత్రమే, వైద్యుని సలహాపై ఖర్చు దొరకును. పైన చెప్పిన 38 బీఎంఐ ఇల్లాలికి ఆ వ్యాధులేవియు లేనిచో వైద్యుడు సరేయన్నను భీమావారు కాదనవచ్చును. పాలసీ తీసికొన్న మఱునాడే ఇది రాదు. పెక్కింటిలో రెండు మూడు సంవత్సరములు వేచియుండవలెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచినది నిజమే. కాని పది లక్షలనగా ఏ చికిత్సకైనను పది లక్షలని కాదు. ఏ యే చికిత్సలు చేర్చబడినవో దానికి పట్టిక గలదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, ఉద్యోగుల ఇండ్లవారు తమ ఆరోగ్యపథకమువారిని అడిగి, కాగితముపై జవాబు తీసికొనిన పిమ్మటనే అడుగు వేయవలెను. నోటిమాట చాలదు.

హైదరాబాదు ప్రైవేటు ఆసుపత్రులలో స్లీవునకు సుమారు రెండున్నర లక్షలు మొదలు ఐదు లక్షల వఱకు, బైపాసునకు మూడు మొదలు ఆరు లక్షల వఱకు నగుచున్నది. దీనిలో పెద్దభాగము పొట్టను కోయుచునే కుట్లు వేయు స్టేప్లర్ పరికరములకును వాని తూటాలకును పోవును. అవి ఒకసారి వాడి పాఱవేయునవి. కావున బిల్లు అడుగునప్పుడు “ప్యాకేజీ ఎంత?” అని మాత్రమే అడుగక, తూటాలెన్ని, ముందటి పరీక్షలు చేరినవా, ఒక దినము ఐసీయూలో నుంచవలసివచ్చిన ఎంత, రక్తస్రావమో కుట్టు ఊడుటయో జరిగి రెండవసారి థియేటరుకు తీసికొనిపోయిన ఆ ఖర్చు ఎవరిది అని అడుగవలెను. కడపటి ప్రశ్నకు జవాబు చెప్ప వెనుదీయు చోట మేమైతే నిలువము.

నాలుగు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు వడ్డీయే 8,000 రూపాయలు, ఏడాదికి 96,000. అసలు అట్లే యుండును. ఈ లెక్కను పలకపై వేసి చూపగా, పత్తిచేను తాకట్టు పెట్టదలచిన ఆమె చాలసేపు ఏమియు మాటలాడలేదు.

ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది అసలే జరుగదనుకొనరాదు. రెండువందల కిలోలు మించిన యొక యువకునికి ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యులు స్లీవ్ చికిత్స చేసిరని 2023 ఆరంభమున పత్రికలలో వచ్చినది. అట్టిచోట వరుసలో వేచియుండుటకు ఓపిక వలయును. లక్షల అప్పుకన్న నెలల ఓపిక మేలని మా అభిప్రాయము. ప్రాణముమీదికి వచ్చినవారి మాట వేఱు.

ప్రాణాపాయము ఎంత? అనుభవము గల చోట చేయించుకొన్న వారిలో మొదటి నెలలో మరణించువారు వేయింటికి ఒకరు మొదలు ముగ్గురు వఱకు. పిత్తాశయము తీయు శస్త్రచికిత్సతో దీనిని వైద్యులు పోల్చుదురు. కుట్టు కారుట సుమారు నూటికి ఒకరికి జరుగును. ఇంటికి వచ్చిన తరువాత జ్వరము, విడువని కడుపునొప్పి, నాడి నిమిషమునకు 120 దాటి కొట్టుకొనుట, పిక్క వాచుట, ఊపిరి ఆడకుండుట కనబడినచో తెల్లవారువఱకు ఆగరాదు.

ఫలమును చెప్పకున్న అన్యాయమగును. ఏడాది ఏడాదిన్నరలో స్లీవ్ చేయించుకొన్నవారు సగటున మొత్తము బరువులో నాలుగవవంతు, బైపాస్ వారు మఱికొంత యెక్కువ తగ్గుదురు. 100 కిలోల స్త్రీ 75 కగును. ప్రకటనలోని బొమ్మవలె 50 కగునని తలపరాదు. పలువురికి మధుమేహపు మందులు తగ్గుటయో, కొన్నేండ్లపాటు అవసరమే లేకపోవుటయో జరుగును. మోకాళ్లు తేలికపడును; గురక తగ్గును; నెలసరి సరిగా రానివారికి వచ్చును; బిడ్డలు లేనివారికి గర్భము నిలుచుటయు గలదు. కొందఱికి కొన్నేండ్లకు కొంత బరువు తిరిగి వచ్చును. జుట్టు మూడవ నెలనుండి రాలి, పోషణ బాగున్నచో మరల వచ్చును. వ్రేలాడు చర్మము మాత్రము పోదు. దానికి వేఱు శస్త్రచికిత్స, వేఱు బిల్లు.

ఇంతవఱకు చెప్పినది ఆసుపత్రిలోని మూడు దినముల మాట. మా దృష్టిలో అసలు వెల ఆ తరువాతి ముప్పది ఏండ్లలో నున్నది.

మొదట కొన్ని దినములు పలుచని నీళ్లు, మజ్జిగతేట, పప్పుకట్టు. పిదప పాలు, జావ. పిదప మెత్తగా నూరినది. నెల దాటిన తరువాతనే మెత్తని అన్నము. మన యింటి జొన్నరొట్టె చాల దినములు గొంతు దిగదు. బాగుగా ఉడికిన జొన్న గట్కను మజ్జిగలో కలిపి అంతకుముందే తీసికొనవచ్చును. ఒక్కొక్క ముద్దను ఇరువదిసార్లు నమలవలెను. తినుచు నీరు త్రాగరాదు, అరగంట ఆగవలెను. దినమునకు 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఒక గ్రుడ్డులో 6 గ్రాములుండును, గ్లాసెడు పాలలో 6 లేక 7. చిన్న పొట్టలో ఇంతటిని నింపుటకు దినమంతయు కొంచెము కొంచెముగా తినుచుండవలెను. పొలము పనికి పోవు స్త్రీ, పదిమందికి వండి కడపట తాను తిను స్త్రీ దీనిని ఎట్లు నడుపును? కోడలు ఆఱుసార్లు తినుచున్నదని అత్తగారు అనకుండ, ఇది మందువంటిదని ఇంటిల్లిపాదికి ముందే చెప్పియుంచవలెను. బైపాసు చేయించుకొన్నవారు లడ్డు, బెల్లపు పాకము తిన్నచో గుండె దడ, చెమట, కడుపులో నులిపులును వచ్చును.

విటమినులు, ఇనుము, కాల్షియం మాత్రలు జీవితాంతము వేసికొనవలెను. బైపాసు తరువాత ఇనుము, బీ12 సరిగా ఒంటబట్టవు. స్లీవు తరువాత కూడ తగ్గును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 30 మంది అధికభారమున నున్నట్లు తేలినది; అదే సర్వేలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. అనగా లావుగా నున్న స్త్రీకి రక్తము నిండుగా నుండునను నమ్మకము లేదు. రక్తము తక్కువగా నున్నప్పుడు దానిని సరిచేసికొనకయే పొట్ట కోయించుకొన్నచో, సన్నబడుటతోపాటు మెట్టు ఎక్కలేని నీరసమును కొనుక్కొన్నట్లగును. మా ప్రాంతపు గోండు సోదరీమణులు ఇంకొకటి గమనింపవలెను. వారి కుటుంబములలో సికిల్‌సెల్ రక్తవ్యాధి హెచ్చు. అది యున్నవారికి మత్తుమందు, శస్త్రచికిత్స రెండును అపాయకరములు కాగలవు. 2023 జూలైలో దేశమంతట ఆరంభమైన కార్యక్రమము క్రింద దీనికి పరీక్ష చేయుచున్నారు. ఆ కార్డు లేకుండ వైద్యుని ముందుకు పోరాదు.

మొదటి నెలలలో వాంతులు ఆగక వచ్చుచున్నచో దిష్టి తగిలినదని ఉప్పుమిరపకాయలు త్రిప్పుచు కూర్చుండరాదు. బీ1 విటమిను తఱిగి, చూపు చెదరుట, నడక తడబడుట, మతి తప్పుట కూడ సంభవించును; సకాలమున సూదిమందు ఇచ్చినచో తప్పించవచ్చును. నీరులేని ఏకాదశులు, వ్రతముల ఉపవాసములు, రోజాలు మొదటి ఏడాది మానవలెను. పిదపనైనను వైద్యుని అడుగక చేయరాదు. ఏడాది మొదలు ఏడాదిన్నర వఱకు గర్భము ధరింపరాదు. బరువు తగ్గినకొలది గర్భము సులభముగా నిలుచును. బైపాసు తరువాత నోటిమాత్రలను నమ్ముకొనుటకు వీలులేదు. కావున వేఱు పద్ధతి ముందే చూచుకొనవలెను. ఈ మాటను సిగ్గుచే అడుగనివారే ఎక్కువ.

సూదిమందుల సంగతియు అడుగుచున్నారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవి జూన్‌లో మన దేశమున అమ్మకమునకు వచ్చినవి. వారమునకొకటి వేసికొనవలెను, ఆకలి తగ్గును, బరువును తగ్గును. మానినచో చాలమందికి బరువు తిరిగి వచ్చును గనుక ఇదియు నెలనెలా జీతమువంటి ఖర్చే. అయినను కోతకు ముందు వైద్యునితో దీనిని గూర్చి మాటలాడుట మంచిది. బీఎంఐ 27, 28 ఉండి, పెండ్లిచూపులకు సన్నబడుటకై ఆపరేషను అడుగు పిల్లల తల్లిదండ్రులకు మాత్రము మేము చెప్పునది ఒకటే: వ్యాధి లేని పిల్ల పొట్టను పెండ్లికొడుకు కంటికొఱకు కోయింపకుడు.

ఇక మా జైనూరునుండి దూరపు లెక్క. హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. శస్త్రచికిత్స తరువాత రెండు వారములకు, నెలకు, మూడు నెలలకు, ఆఱు నెలలకు, ఏడాదికి, పిదప ఏటేట వైద్యుని చూడవలెను. 2023 డిసెంబరునుండి తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు. వెంటవచ్చు పెనిమిటికి మాత్రము గలదు. అతని కూలిదినములు, పట్టణమున బస, రక్తపరీక్షలు, నెలకు సుమారు వేయి మొదలు రెండు వేల రూపాయల మాత్రలు, అన్నియు కలిపి మొదటి ఏడాది బిల్లుకు తోడు ఇంకొక యాబది వేలైనను చేతిలో నుండవలెను. మొదటి రెండు వారములు హైదరాబాదులో చుట్టాల యింటనో అద్దెగదిలోనో ఉండి, కుట్లు కుదుటపడిన పిమ్మటనే బయలుదేరుట క్షేమము. చేసిన వైద్యుని ఫోను సంఖ్యను, ఏ చికిత్స చేసిరో తెలుపు కాగితమును ఎల్లప్పుడును వెంట నుంచుకొనవలెను. అర్ధరాత్రి ఆదిలాబాదు రిమ్స్‌కు పోవలసివచ్చిన అక్కడి వైద్యునికి ఆ కాగితమే దారి చూపును. రక్తపరీక్షలను ఉట్నూరులోనో ఆదిలాబాదులోనో చేయించి, ఫలితమును ఫోనులో పంపుటకు వైద్యుని ముందే ఒప్పించుకొన్నచో రెండుమూడు ప్రయాణములు తప్పును. వానకాలమున వాగులు పొంగి దారులు తెగు ఊళ్లవారు మృగశిర రాకముందే మూడు నెలల మాత్రలు తెచ్చి, చెమ్మ తగులని డబ్బాలో పెట్టుకొనవలెను.